డాక్టర్ డ్రే వెళ్లిపోయాక డెత్ రో ఎలా మోగింది? ‘గ్రిడ్‌లాక్డ్’ పాటలు విప్పే చిక్కుముడి

1997 జనవరి 28న అమెరికా ర్యాప్ కంపెనీ డెత్ రో రికార్డ్స్ ఒక సినిమా పాటల ఆల్బమ్ వదిలింది. పేరు ‘గ్రిడ్‌లాక్డ్’. మొదటి వారంలోనే దాదాపు లక్షన్నర కాపీలు అమ్ముడై అమెరికా ఆల్బమ్‌ల జాబితా అయిన బిల్‌బోర్డ్ 200 చార్టులో నేరుగా ఒకటో స్థానంలో కూర్చుంది. చార్టు ఒక్కటే చూసేవాళ్లకు కంపెనీ దివ్యంగా ఉందనిపిస్తుంది. లోపలి సంగతి వేరు. ఆ సినిమాలో హీరో, ఆ ఆల్బమ్‌లో ముఖ్యమైన గొంతు ర్యాపర్ టూపాక్ షకూర్ చనిపోయి అప్పటికి నాలుగున్నర నెలలు. యజమాని షుగ్ నైట్ జైల్లో ఉన్నాడు. కంపెనీకి ఇదీ మా సౌండ్ అని చెప్పుకొనే భాగ్యం తెచ్చిపెట్టిన డాక్టర్ డ్రే పది నెలల కిందటే తన వాటా వదులుకుని బయటికి నడిచాడు.

డెత్ రో పాటలు వరసపెట్టి వినేవాళ్లకు సరిగ్గా ఇక్కడే అనుమానం వస్తుంది. 1992 నాటి డ్రే ఆల్బమ్ ‘ద క్రానిక్’, 1993 నాటి స్నూప్ ఆల్బమ్ ‘డాగీస్టైల్’ విని ఇటు వస్తే కంపెనీ అదే, గొంతులూ చాలావరకు అవే, అయినా ఇల్లు మారినట్టు ఉంటుంది. “డ్రే పోయాడు కాబట్టి” అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. ఆ మాటలో నిజం ఉంది గానీ మొత్తం నిజం లేదు. అదే కంపెనీ 1994లో చేసిన ఇంకో సినిమా ఆల్బమ్‌ని పక్కన పెట్టుకుని వింటే విషయం ఇంకొంచెం చిక్కుగా, ఇంకొంచెం ఆసక్తిగా కనిపిస్తుంది.

## అక్కడ సౌండ్‌ట్రాక్ అంటే మన ‘ఆడియో’ కాదు

మన సినిమాకు మామూలుగా ఒకే సంగీత దర్శకుడు ఉంటాడు. ట్యూన్లు ఆయనవే, చాలాసార్లు నేపథ్య సంగీతమూ ఆయనదే. ఆడియో కంపెనీ హక్కులు కొనుక్కుంటుంది తప్ప పాట ఎలా మోగాలో చెప్పదు. “ఆదిత్య మ్యూజిక్ సౌండ్ ఎలా ఉంటుంది?” అని ఎవరైనా అడిగితే ప్రశ్నే అర్థం కాదు. ఇళయరాజా సౌండ్ అంటాం, రహమాన్ సౌండ్ అంటాం.

అమెరికాలో 1990ల నాటి పద్ధతి వేరు. సినిమా నేపథ్య సంగీతాన్ని స్కోర్ అంటారు. దానికి ఒక మనిషి ఉంటాడు. ‘గ్రిడ్‌లాక్డ్’కి ఆ పని చేసింది స్టువర్ట్ కోప్‌లాండ్, ‘ద పొలీస్’ అనే రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించినాయన. ర్యాప్‌తో ఆయనకు సంబంధం లేదు. సినిమా పేరుతో దుకాణానికి వచ్చే పాటల ఆల్బమ్ మాత్రం పూర్తిగా వేరే సరుకు. పదిహేను మంది దాకా కళాకారుల పాటల సంకలనం అది. కొన్ని సినిమాలో నిజంగా వినిపిస్తాయి. కొన్ని ఏ కారు రేడియోలోనో పది సెకన్లు మోగి ఆగిపోతాయి. కొన్ని అసలు సినిమాలోనే ఉండవు, ‘స్ఫూర్తి’ పేరుతో అట్టెక్కుతాయి.

ఆ సంకలనాన్ని కూర్చేది ర్యాప్ లేబుల్ (రికార్డు కంపెనీ) అయితే, ఆ లేబుల్‌కి సొంత కళాకారులు, సొంత ప్రొడ్యూసర్లు ఉంటారు. ప్రొడ్యూసర్ అనగానే మనకు డబ్బు పెట్టే నిర్మాత గుర్తొస్తాడు. ర్యాప్‌లో ఆ మాటకు అర్థం బీట్ కట్టి, గొంతు రికార్డు చేయించి, పాటకు రూపం తెచ్చేవాడు. మన సంగీత దర్శకుడూ అరేంజరూ కలిసిన మనిషి అనుకోవచ్చు. డబ్బూ పెత్తనమూ చూసుకునేవాడు ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. డెత్ రోలో మొదటి పని డ్రేది, రెండో పని షుగ్ నైట్‌ది. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

లేబుల్స్‌కి సినిమా ఆల్బమ్ అంటే ఎందుకంత మోజు? ప్రచారం ఖర్చులో కొంత సినిమా వాళ్ల నెత్తిన పడుతుంది. సొంత ఆల్బమ్ ఇంకా పూర్తి కాని గాయకుడి పాట ఒకటి బయటికొస్తుంది. కొత్త గొంతును జనం మీద ప్రయోగించి చూడొచ్చు. పెళ్లి వంటల్లో కొత్త వంటవాడికి ఒక్క కూర అప్పజెప్పి చూసినట్టు. అందుకే ఒక లేబుల్ ఆ సమయంలో ఎవరి మీద ఆశ పెట్టుకుందో, ఇంట్లో ఎవరున్నారో తెలియాలంటే స్టార్ సొంత ఆల్బమ్ కంటే ఇలాంటి సంకలనమే ఎక్కువ చెబుతుంది.

## డెత్ రో మొదలైందే ఒక సినిమా పాటతో

డ్రే, షుగ్ నైట్, ద డి.ఓ.సి., డిక్ గ్రిఫీ కలిసి 1991లో లాస్ ఏంజెలెస్‌లో ఈ కంపెనీ పెట్టారు. అప్పటికి డ్రే ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ బృందం నుంచి గొడవపడి బయటికి వచ్చి ఉన్నాడు. బయటికి వచ్చాక అతని మొదటి సోలో పాట 1992 ఏప్రిల్‌లో వచ్చిన ‘డీప్ కవర్’. బిల్ డ్యూక్ తీసిన అదే పేరు గల పోలీసు సినిమా కోసం చేసింది. స్నూప్ డాగీ డాగ్ అనే సన్నటి కుర్రాడి గొంతు లోకం విన్నది ఆ పాటలోనే. అంటే డెత్ రో ధ్వని అన్నదానికి గుమ్మమే ఒక సౌండ్‌ట్రాక్.

అదే ఏడాది డిసెంబరులో ‘ద క్రానిక్’, మరుసటి నవంబరులో స్నూప్ ‘డాగీస్టైల్’ వచ్చాయి. ‘డాగీస్టైల్’ మొదటి వారంలోనే 8 లక్షలకు పైగా అమ్ముడైంది. ఒక కొత్త ర్యాపర్ తొలి ఆల్బమ్‌కి అప్పట్లో అది కలలో కూడా ఊహించని లెక్క.

## జీ-ఫంక్‌ని చెవితో గుర్తుపట్టడం ఎలా

ఈ రెండు ఆల్బమ్‌ల సౌండ్‌కి వచ్చిన పేరు జీ-ఫంక్. ‘జీ’ అంటే గ్యాంగ్‌స్టర్, ఫంక్ అంటే నల్లజాతి అమెరికన్ల ఊగించే డాన్సు సంగీతం. నిర్వచనాలు పక్కన పెట్టి మూడు సంగతులు వినండి.

మొదటిది, పైన సన్నగా ఈల వేసినట్టు సాగే సింథసైజర్. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దూకదు, జారుతుంది. మన కర్ణాటక సంగీతంలో జారు అనే గమకం ఉందే, వినడానికి అలాంటిదే. నాకైతే పాములవాడి నాగస్వరం కూడా గుర్తొస్తుంది. దీని మూలాలు 1970ల ఫంక్‌లో ఉన్నాయి. ఓహాయో ప్లేయర్స్ ‘ఫంకీ వార్మ్’ అనే పాట వింటే ఆ పురుగు అక్కడే పాకుతూ కనిపిస్తుంది.

రెండోది అడుగున లావుగా కదిలే బేస్. కారు డిక్కీలో పెద్ద స్పీకర్లు పెట్టుకుని మెల్లగా తిరిగే కాలిఫోర్నియా కుర్రకారు కోసమే కట్టినట్టుంటుంది.

మూడోది వేగం. తొందర లేదు. అదే కాలపు న్యూయార్క్ ర్యాప్ డ్రమ్స్‌తో కొడితే, ఇది కుర్చీలో వెనక్కి వాలి మాట్లాడుతుంది.

ఇందులో డ్రే ప్రత్యేకత ఎక్కడుంది? పాత ఫంక్ పాటల ముక్కలు కోసి అతికించడం ర్యాప్‌లో అప్పటికే మామూలు. దాన్నే శాంపిల్ అంటారు. డ్రే చాలాచోట్ల ఆ ముక్కను నేరుగా కోయకుండా వాద్యగాళ్లను పిలిపించి మళ్లీ వాయించేవాడు. దీని వల్ల రెండు లాభాలు. ఘంటసాల పాడిన ఒక పాట ఉందనుకోండి. పాట రాసిన, ట్యూన్ కట్టిన హక్కు ఒకటి. ఆ రోజు స్టూడియోలో చేసిన రికార్డింగ్ హక్కు ఇంకొకటి. రికార్డింగ్ ముక్కను వాడితే ఇద్దరితోనూ బేరం. కొత్తగా వాయించుకుంటే మొదటివాళ్లతో సరిపోతుంది. ఇక రెండో లాభం సంగీతపరమైనది. మళ్లీ వాయించినప్పుడు ప్రతి వాద్యం విడిగా చేతిలో ఉంటుంది, కావలసినంత పెంచొచ్చు, తగ్గించొచ్చు. డ్రే పాటల్లోని ఆ శుభ్రతకు, ప్రతి చప్పుడూ తన చోటులో కూర్చున్నట్టు ఉండటానికి ఇదొక కారణం. ఇంకో కారణం అతని చాదస్తం. ఒక్క పాట మిక్సింగ్ మీద రోజుల తరబడి కూర్చునే మనిషిగా అతనికి పేరు.

## 1994: కొలబద్దగా ‘అబవ్ ద రిమ్’

న్యూయార్క్ వీధి బాస్కెట్‌బాల్ చుట్టూ తిరిగే ‘అబవ్ ద రిమ్’ సినిమా 1994 మార్చిలో వచ్చింది. పాటల ఆల్బమ్ డెత్ రోది. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ షుగ్ నైట్, పైనుంచి సంగీతం చూసుకున్నది డ్రే. బిల్‌బోర్డ్ 200లో రెండో స్థానం దాకా వెళ్లింది, 20 లక్షల కాపీల ప్లాటినం గుర్తింపు దక్కింది.

దీన్నుంచి అందరికీ గుర్తున్న పాట ‘రెగ్యులేట్’. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే మన చిక్కుముడిలో సగం ఈ పాటలోనే ఉంది.

మొదలవగానే ఒక పాత కౌబాయ్ సినిమా డైలాగు. ఆ వెంటనే మైకేల్ మెక్‌డొనాల్డ్ 1982లో పాడిన ‘ఐ కీప్ ఫర్గెటిన్’ అనే మెత్తటి పాట కీబోర్డు చుట్టలు తిరుగుతుంది. మధ్యలో ఒక ఈల, అది బాబ్ జేమ్స్ అనే జాజ్ వాద్యకారుడి రికార్డు నుంచి వచ్చింది. వారెన్ జీ మాట్లాడుతున్నట్టు ర్యాప్ చేస్తాడు, నేట్ డాగ్ చర్చిలో పాడినట్టు అందుకుంటాడు. కథేమిటంటే, రాత్రిపూట పాచికలాట దగ్గర వారెన్‌ని కొందరు చుట్టుముట్టి దోచుకుంటారు, నేట్ వచ్చి తుపాకీతో విడిపిస్తాడు. ఒకడు కథ సగంలో ఆపితే ఇంకొకడు పట్టుకుంటాడు, కొంచెం బుర్రకథ పోలిక. పల్లవి లేదు. నిజంగానే లేదు, కావాలంటే మళ్లీ వినండి. తుపాకులు పేలే కథను సాయంత్రం షికారు పాటలా వినిపించడమే ఇందులో గమ్మత్తు. ఈ పాట అమెరికా సింగిల్స్ చార్టులో రెండో స్థానం దాకా ఎక్కింది.

ఇక చిక్కు. డెత్ రో సౌండ్‌కి నమూనాగా చెప్పుకునే ఈ పాటను కట్టింది డ్రే కాదు. వారెన్ జీ కట్టుకున్నాడు. పైగా అతను డెత్ రో కళాకారుడే కాదు. డ్రేకి సవతి తమ్ముడైనా డెత్ రో అతన్ని చేర్చుకోలేదు. కొద్ది నెలలకే అతని సొంత ఆల్బమ్ న్యూయార్క్‌లోని డెఫ్ జామ్ ద్వారా వచ్చింది. అంటే 1994లోనే జీ-ఫంక్ అన్నది డ్రే చేతిలోంచి, కంపెనీ కాగితాల్లోంచి జారి లాస్ ఏంజెలెస్ పక్కనున్న లాంగ్ బీచ్ ఊరంతా పాకేసింది.

ఇంకో సంగతి. ‘అబవ్ ద రిమ్’లో ఆర్ అండ్ బీ పాటలు తక్కువేమీ కాదు. ఎస్‌డబ్ల్యూవీ, హెచ్-టౌన్, అల్ బీ. ష్యూర్ లాంటి బయటి పేర్లు ఉన్నాయి. ఆర్ అండ్ బీ అంటే మెత్తగా పాడే ప్రేమపాటల బాణీ అనుకుందాం. ‘గ్రిడ్‌లాక్డ్’లో పాడేవాళ్లు ఎక్కువైపోయారని విసుక్కునేవాళ్లు ఈ పాత ఆల్బమ్ కూడా తీసి చూడాలి. విచిత్రం ఏమిటంటే టూపాక్ ఈ సినిమాలోనూ నటించాడు, అతని థగ్ లైఫ్ బృందం పాట కూడా ఆల్బమ్‌లో ఉంది. అప్పటికి అతను డెత్ రోలో చేరలేదు.

1995 ఆగస్టు 3న న్యూయార్క్‌లో జరిగిన సోర్స్ అనే ర్యాప్ పత్రిక అవార్డుల వేదిక మీద షుగ్ నైట్ అక్కడి బ్యాడ్ బాయ్ లేబుల్ యజమాని పఫ్ డాడీని ఎద్దేవా చేసిన సంఘటన ర్యాప్ చరిత్ర చదివిన ప్రతివాడికీ తెలుసు. వీడియోల్లో వచ్చి గెంతులేసే యజమాని వద్దనుకుంటే మా దగ్గరికి రండి అన్నట్టుగా మాట్లాడాడు. ఆ రోజు అతను వేదిక ఎక్కింది ఈ ‘అబవ్ ద రిమ్’ సౌండ్‌ట్రాక్‌కి వచ్చిన అవార్డు తీసుకోవడానికే. న్యూయార్క్, కాలిఫోర్నియా ర్యాపర్ల మధ్య ఈస్ట్ కోస్ట్, వెస్ట్ కోస్ట్ గొడవకు నిప్పు రాజేసిన మాటలు ఒక సినిమా ఆల్బమ్ పుణ్యమా అని వచ్చాయి.

## మధ్యలో మారింది బీట్ ఒక్కటే కాదు, గడియారం

1995 అక్టోబరులో 14 లక్షల డాలర్ల బెయిల్ మీద టూపాక్ న్యూయార్క్ జైలు నుంచి బయటికి వచ్చి డెత్ రోలో చేరాడు. 1996 ఫిబ్రవరిలో ‘ఆల్ ఐజ్ ఆన్ మీ’ రెండు డిస్కుల ఆల్బమ్‌గా వచ్చింది. అందులో డ్రే చేసిన ‘కాలిఫోర్నియా లవ్’ పెద్ద హిట్ అయినా, ఆల్బమ్ బరువు మోసింది డాజ్, జానీ జే లాంటి ప్రొడ్యూసర్లు. మార్చిలో డ్రే వెళ్లిపోయి ఆఫ్టర్‌మాత్ అనే సొంత లేబుల్ పెట్టుకున్నాడు. సెప్టెంబరు 7న లాస్ వేగాస్‌లో టూపాక్ మీద కాల్పులు జరిగాయి, 13న చనిపోయాడు. కాల్పులు జరిగిన రాత్రే హోటల్లో జరిగిన కొట్లాట వల్ల ప్రొబేషన్ షరతులు తప్పాడని షుగ్ నైట్ అక్టోబరులో లోపలికి వెళ్లాడు. 1997 ఫిబ్రవరి ఆఖరున తొమ్మిదేళ్ల శిక్ష పడింది.

ఈ గొడవలన్నీ వార్తాపత్రికల సరుకు. సౌండ్ సంగతికి వస్తే నాకు ముఖ్యమనిపించేది వేరే ఒకటుంది. టూపాక్ పనిచేసే వేగం. స్టూడియోకి వచ్చి, బీట్ విని, అక్కడికక్కడే రాసి, పాడి, మరో పాటకు వెళ్లిపోయేవాడు. 1996 నవంబరులో మకవెలీ అనే మారుపేరుతో వచ్చిన అతని ఆల్బమ్ పేరులోనే ఏడు రోజులని ఉంది. అదే ఏడాది ఆగస్టులో మాటలకు మూడు రోజులు, మిక్సింగ్‌కి నాలుగు రోజులు పట్టాయి. ఒక పాట మీద వారం కూర్చునే డ్రే ఒకవైపు, వారంలో ఆల్బమ్ తేల్చేసే టూపాక్ ఇంకోవైపు. పెళ్లికి మూడు నెలలు పట్టి నేసిన చీర ఒకటి, రాత్రికి రాత్రి కుట్టి ఇచ్చిన జాకెట్ ఒకటి. రెండోది బాగుండదని కాదు. ఒంటికి అతుక్కుని, వేడిగా ఉంటుంది. ఆ నిగనిగ మాత్రం ఉండదు.

కాబట్టి డ్రే వెళ్లాక సౌండ్ మారిందనేకన్నా, డ్రే వెళ్లకముందే స్టూడియోలో గడియారం మారిపోయిందనడం సబబు. చాదస్తుడికి చోటు లేని వేగం వచ్చాక చాదస్తుడు వెళ్లిపోయాడు. అతను వెళ్లడానికి షుగ్ నైట్ చుట్టూ ముదురుతున్న కొట్లాటల వాతావరణమూ కారణమే, అది వేరే లెక్క.

## ‘గ్రిడ్‌లాక్డ్’ పాటల్లోకి

ముందు సినిమా రెండు ముక్కల్లో. వాండీ కర్టిస్-హాల్ తీశాడు, దర్శకుడిగా తొలి సినిమా. డెట్రాయిట్ నగరం. స్పూన్ (టూపాక్), స్ట్రెచ్ (టిమ్ రాత్), కుకీ (థాండివే న్యూటన్) ముగ్గురూ ఒక చిన్న జాజ్ బృందం. స్పూన్, స్ట్రెచ్‌లకు హెరాయిన్ అలవాటు. కొత్త సంవత్సరం రాత్రి కుకీ డోసు ఎక్కువై ఆసుపత్రి పాలవుతుంది. మిగతా ఇద్దరూ మత్తు మానేసే చికిత్సలో చేరాలని ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఈ కౌంటర్ కాదు ఆ కౌంటర్, ఈ కార్డు లేదు ఆ కార్డు తే. మన వాళ్లకు సబ్‌టైటిల్స్ లేకుండా అర్థమయ్యే సినిమా.

ఇప్పుడు ఆల్బమ్. తలుపు తీసేది ‘వాంటెడ్ డెడ్ ఆర్ అలైవ్’, టూపాక్, స్నూప్ కలిసి. ఇద్దరు స్టార్లూ మొదటి పాటలోనే. అమ్మకాల లెక్కతో చూస్తే సరైన ఎత్తుగడ. గమనించాల్సింది బీట్. బేస్ ఉంది, ఫంక్ ఉంది, కానీ పైన జారే ఆ పాములవాడి ఈల ఇక్కడ పెత్తనం చేయదు. 1993లో స్నూప్ పాటల్లో గొంతు చుట్టూ ఖాళీ ఉండేది, గది పెద్దగా అనిపించేది. ఇక్కడ గది ఇరుకు. గొంతులు ముందుకొచ్చి మొహం మీద మాట్లాడుతున్నట్టుంటుంది.

జానీ జే కట్టిన ‘నెవర్ హాడ్ ఎ ఫ్రెండ్ లైక్ మీ’ నా లెక్కలో ఆల్బమ్ మొత్తానికి గుండెకాయ. టూపాక్ స్నేహితుడితో మాట్లాడుతున్నట్టు సాగుతుంది. సినిమాలో స్పూన్, స్ట్రెచ్‌ల బంధానికి చక్కగా అతుకుతుంది. జానీ జే పద్ధతి డ్రేది కాదు. మెత్తటి శ్రుతుల పరుపు వేసి, దాని మీద పాడే పల్లవి పెట్టి, మధ్యలో టూపాక్‌ని ఊపిరి తీసుకోకుండా మాట్లాడనిస్తాడు. ‘రెగ్యులేట్’లో పల్లవి లేకపోయినా పాట నిలబడింది, అక్కడ కథే దారం. ఇక్కడ పల్లవి లేకపోతే పాట విడిపోతుంది. 1996–97 డెత్ రో పాటల్లో చాలావాటిని ఒక గాయకుడో గాయనో హుక్‌తో, అంటే తిరిగి తిరిగి వచ్చే పల్లవితో, పట్టి ఉంచారన్నది ఈ ఒక్క పోలికతో తెలిసిపోతుంది.

ఆ హుక్ పాడే వాళ్లలో ఒకడు షికాగో కుర్రాడు డానీ బాయ్. టూపాక్ ‘ఐ ఎయింట్ మ్యాడ్ ఎట్ చా’లో వినిపించే ఆర్తి గల గొంతు అతనిదే. ఈ ఆల్బమ్‌లో అతనికి ఏకంగా రెండు సొంత పాటలిచ్చారు. ర్యాప్ ఊసే లేని పచ్చి సోల్ పాటలు. నేట్ డాగ్‌కీ ఒక పాట దక్కింది. అప్పటికి అతని సొంత ఆల్బమ్ ఇంకా బయటికి రాలేదు, 1998లో గానీ రాలేదు. ద లేడీ ఆఫ్ రేజ్‌ది ఇంకా దారుణం. 1994 నాటి ‘అబవ్ ద రిమ్’లో ‘ఆఫ్రో పఫ్స్’ పాటతో అదరగొట్టిన ఆమె, మూడేళ్ల తర్వాత ఈ సినిమా ఆల్బమ్‌లోనూ ఒక పాటతోనే సరిపెట్టుకుంది. ఆమె మొదటి సొంత ఆల్బమ్ 1997 జూన్‌లో వచ్చింది. రెండు సౌండ్‌ట్రాక్‌ల మధ్య ఒక కళాకారిణి వయసు ఎలా కరిగిపోయిందో ఇంతకన్నా సూటిగా కనిపించదు.

ఇంకో పాట మీద వేలు పెట్టాలి, ‘ఆఫ్ ద హుక్’. స్నూప్‌తో పాటు చార్లీ విల్సన్, వాల్ యంగ్, జేమ్స్ డిబార్జ్ ఉన్నారు. చార్లీ విల్సన్ అంటే గ్యాప్ బ్యాండ్ గొంతు. 1992లో డెత్ రో కుర్రాళ్లు పాత ఫంక్ రికార్డుల ట్యూన్లు తీసుకుని మళ్లీ వాయించేవాళ్లు. 1996కి వచ్చేసరికి ఆ పాత రికార్డుల మనుషులే స్టూడియోకి వచ్చి కూర్చుంటున్నారు. స్నూప్ 1996 నవంబరు ఆల్బమ్ ‘థా డాగ్‌ఫాదర్’లో కూడా గ్యాప్ బ్యాండ్ పాటను ఇదే విల్సన్‌తో కలిసి మళ్లీ పాడాడు. జీ-ఫంక్‌లో ‘జీ’ని వదిలి ‘ఫంక్’ వైపు వెళ్లడమిది. తుపాకీ గర్వం తగ్గి, పెద్దల ముందు కూర్చుని పాడుకునే సరదా పెరిగింది. హత్య కేసులో విచారణ ఎదుర్కొని 1996 ఫిబ్రవరిలో నిర్దోషిగా బయటపడ్డ స్నూప్‌కి ఆ మలుపు అవసరమూ అయి ఉండొచ్చు.

చివరి సగంలో కొత్తవాళ్లు వస్తారు. జే-ఫ్లెక్స్ ‘లేడీ హెరాయిన్’ మత్తుమందునే ఒక ఆడమనిషిగా చేసి మాట్లాడే పాట. సినిమా కథను తిన్నగా పట్టుకున్న కొద్ది పాటల్లో ఇదొకటి. టూపాక్ బృందంలోని స్టార్మ్, లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ ప్రాంతపు ర్యాప్ బృందం ఓ.ఎఫ్.టి.బి. వస్తారు. ఆ తర్వాత ‘లైఫ్ ఈజ్ ఎ ట్రాఫిక్ జామ్’. సినిమాలోని ఆ ఊహాజనిత జాజ్ బృందం పేరు ఎయిట్ మైల్ రోడ్. ఆల్బమ్‌లో కూడా ఆ పేరుతోనే ఈ పాట ఉంది, టూపాక్ గొంతుతో. డెత్ రో ముద్ర ఉన్న డిస్కులో జాజ్ వెనకాల మాటలు చెప్పడం 1993లో ఎవరూ ఊహించరు.

## మరి ఇది పతనమా, విస్తరణా?

పతనమనేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. పాటలన్నిటినీ ఒకే చెవి వినలేదు. ‘అబవ్ ద రిమ్’లో పది రకాల పాటలున్నా పైన ఒక పెద్ద మేస్త్రి ఉన్నాడు కాబట్టి గోడలన్నీ ఒకే మట్టంలో వచ్చాయి. ఇక్కడ ప్రతి మేస్త్రీ తన గోడ తను కట్టుకున్నాడు. ఇది నాకు చాలావరకు ఒప్పుకోదగిన మాటే. వరసపెట్టి వింటే పాటకీ పాటకీ మధ్య వాల్యూమ్ కాకపోయినా వాతావరణం మారిపోతుంది.

విస్తరణ అనేవాళ్లు వేరే లెక్క చూపిస్తారు. గ్యాంగ్‌స్టర్ ర్యాప్ కంపెనీ అనే ముద్ర నుంచి బయటపడి సోల్, జాజ్ దాకా చేతులు చాచింది, కొత్తవాళ్లకు చోటిచ్చింది అంటారు. వీళ్ల పక్షాన ఒక బలమైన సాక్ష్యం ఉంది, అది ఎదుటి శిబిరంలోదే. 1996 నవంబరులో డ్రే తన కొత్త లేబుల్ నుంచి మొదటి ఆల్బమ్ వదిలాడు. అదీ సంకలనమే, అందులోనూ కొత్త గొంతులే, ఆర్ అండ్ బీ పాటలే, ‘గ్యాంగ్‌స్టర్ రోజులు అయిపోయాయి’ అనే ధోరణే. విమర్శకులు పెద్దగా మెచ్చలేదు. డ్రే ఉన్నచోట పాత సౌండ్ ఉంటుందన్నదే నిజమైతే, అది అక్కడైనా కనిపించాలి కదా. కనిపించలేదు. జీ-ఫంక్ అనే బాణీకే అప్పటికి వయసు మీద పడింది. అప్పటికి రేడియోలో న్యూయార్క్ బ్యాడ్ బాయ్ వాళ్ల మెరుపు పాటలు ఊపందుకున్నాయి.

మూడో మాట కూడా ఉంది, కొంచెం చల్లనీళ్లు చల్లే మాట. సినిమా ఆల్బమ్ అంటేనే అతుకుల బొంత, మిగిలిపోయిన పాటల పెట్టె, దాన్నిబట్టి ఒక కంపెనీ జాతకం చెప్పొద్దు అంటారు. న్యాయమే గానీ, మిగిలిపోయినవాటిలోనే ఇంటి పరిస్థితి తెలుస్తుంది. 1994 పెట్టెలో బయటివాళ్ల పాటలు చాలా ఉన్నాయి, కంపెనీకి ఎవరినైనా పిలవగల పరపతి ఉంది. 1997 పెట్టెలో దాదాపు అందరూ ఇంటివాళ్లే, పైగా సొంత ఆల్బమ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. పిలుపు తగ్గింది, క్యూ పెరిగింది.

అందుకే రెండు మాటల్లో ఒకదాన్నే ఎంచుకోమంటే నాకు ఇబ్బంది. పాటలు ఒక్కొక్కటిగా వింటే విస్తరణ నిజం, ఆల్బమ్‌గా వింటే పతనం నిజం. డెత్ రో దగ్గర అప్పటికి పాడేవాళ్లు ఎక్కువ, కట్టేవాళ్లు సరిపడా, కాదు ఇది బాగాలేదు మళ్లీ చేయండి అనేవాడు మాత్రం లేడు.

## ఆ తర్వాత

1997 అక్టోబరులో టూపాక్ చివరి సినిమా ‘గ్యాంగ్ రిలేటెడ్’ పేరుతో రెండు డిస్కుల సౌండ్‌ట్రాక్ వచ్చింది, చార్టులో రెండో స్థానం. సినిమాలు మారినా అమ్మకానికి ఆధారం చనిపోయిన మనిషి గొంతే అయింది. 1998లో స్నూప్ కూడా వెళ్లి నో లిమిట్ అనే న్యూ ఆర్లియన్స్ కంపెనీలో చేరాడు. 2006లో డెత్ రో దివాలా తీసింది. ఆ తర్వాత చేతులు మారి మారి, మధ్యలో బొమ్మలు చేసే హాస్‌బ్రో కంపెనీ ఆస్తుల్లో కూడా కొన్నాళ్లు ఉండి, 2022 ఫిబ్రవరిలో స్నూప్ చేతికే వచ్చింది.

2024 డిసెంబరులో స్నూప్ ‘మిషనరీ’ అనే ఆల్బమ్ తెచ్చాడు. మొదటి నుంచి చివరి దాకా చూసుకున్నది డ్రే. ‘డాగీస్టైల్’ తర్వాత ఇద్దరూ కలిసి పూర్తి ఆల్బమ్ చేయడానికి 31 ఏళ్లు పట్టింది. విడుదల చేసిన లేబుల్స్ వరసలో డెత్ రో, ఆఫ్టర్‌మాత్ పేర్లు పక్కపక్కనే ఉన్నాయి.